నోరు విప్పకుండా తేవాల్సిన గచ్చాకు

శనివారం ఉదయం ఏడింటికి కొండాపూర్‌లో బస్సెక్కాను, గచ్చాకు కోసం. మా అత్తయ్య మోకాలు నెలరోజులుగా వాచి ఉంది. డాక్టరు పేరెత్తితే చాలు, "ముందు గచ్చాకు ఆముదంలో వేయించి కట్టాలండీ, తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అంటారు. పైగా వాళ్ల ఊరి పద్ధతి ఒకటి: ఆకు కోసినవాడు దాన్ని రోగి చేతిలో పెట్టేదాకా నోరు విప్పకూడదు. విప్పితే మందు గుణం పోతుందట. రోజంతా ఆఫీసు కాల్స్‌లో వాగే నాకా ఈ శిక్ష!

గచ్చిబౌలిలో ఇడ్లీ తిని నార్సింగికి షేర్ ఆటో ఎక్కాను. గచ్చపొద ఎక్కడైనా ఉందా అని పక్కనున్న పెద్దావిడను అడిగాను.

"మా ఇంటెనుకనే ఉన్నది, రా బిడ్డా. జరమొస్తే దాని గింజ పొడిగొట్టి మిరియాలతోని తాపెటోళ్లు. గిప్పుడెవలు తాగుతున్నరు?"

ఆ పొద పక్క ప్లాటు ప్రహరీ ఎక్కి కూర్చుంది. కాయలకు ముళ్లు, కాడలకు ముళ్లు, ఆకు ఈనెల కింద కూడా కొక్కేల్లాంటి ముళ్లు. చెయ్యి పెట్టడం సులువే, వెనక్కి తీసుకోవడమే కష్టం. వెళ్లేవాళ్లు పాత చొక్కా వేసుకోండి. ఆవిడకు ముందే సెలవు చెప్పేసి నాలుగు రెమ్మలు కోశాను. చేతులు పిల్లి రక్కినట్టయ్యాయి.

క్యాబ్ వచ్చింది. "ఓటీపీ చెప్పన్నా" అన్నాడు డ్రైవర్. ఫోను చూపించాను. ఏసీ కావాలా అన్నాడు, తలూపాను. "మాటలు రావా అన్నా?" అన్నాడు. అదే ఊపులో మళ్లీ ఊపేశాను. పాపం, దారంతా నన్ను అద్దంలో చూసి నిట్టూరుస్తూనే ఉన్నాడు.

పదిన్నరకు ఇల్లు చేరాం. అత్తయ్య గేటు దగ్గరే కుర్చీలో చెయ్యి చాపి కూర్చున్నారు. సాయం చేద్దామని డ్రైవర్ దిగి నా చేతిలో కట్ట అందుకున్నాడు.

"అబ్బా!"

"అయ్యో, గుచ్చుకుందా అన్నా?" అనేశాను.

అతను నొప్పి మరిచి నోరు తెరిచాడు. "ఏం ముల్లన్నా ఇది! గుచ్చుకున్నది నాకు, మాటలొచ్చింది నీకు!"

నాకు ఏడుపొక్కటే తక్కువ. మళ్లీ వెళ్లొస్తానండీ అన్నాను. అత్తయ్య నా చేతుల వంక చూశారు.

"వద్దు బాబూ. ఇంకోసారి పంపితే కట్టు మీకే కట్టాలి. పదండి, ఆ డాక్టరు దగ్గరికే పోదాం."

అదే కారులో బయల్దేరాం. గచ్చాకు వాపు తగ్గిస్తుందో లేదో నేను చెప్పలేను. నెలరోజులు ఇంటిల్లిపాదీ బతిమాలినా కదలని మనిషిని మాత్రం కదిలించింది.