ఓవర్‌లోడ్ బెల్లు మోగితే ఎవరు దిగాలి?

లిఫ్టు మెకానిక్ నోరు విప్పాడంటే చుట్టూ ఉన్నవాళ్ళు పనులు మానేసి కూర్చోవాల్సిందే. ఏడో తరగతిలోనే చదువుకి దండం పెట్టేసిన మనిషి కదా, పుస్తకాల్లో లేనివన్నీ ఆయన దగ్గరే దొరుకుతాయి. ఓసారి తాడు తెగిన లిఫ్టుని పళ్ళతో పట్టి ఆపాడట. ఇంకోసారి బటన్ కాస్త గట్టిగా నొక్కేసరికి లిఫ్టు మేడ దాటి మబ్బుల్లోకి పోయిందట. కావాలంటే తడిసిన చొక్కా చూడమంటాడు. ఆ చొక్కా ఇప్పటికీ తడిగానే ఉంటుంది, అదే విడ్డూరం.

కూతురికి బ్లడ్ క్యాన్సర్ అని తెలిసిన రోజు మాత్రం ఆ నోరు మూతపడింది. అదీ మధ్యాహ్నం దాకానే. సాయంత్రం ఆసుపత్రి మంచం మీద బిక్కచచ్చి కూర్చున్న పిల్లని చూడగానే మళ్ళీ తెరుచుకుంది.

"ఒసేయ్ టపాకాయ్! నీ ఒంట్లో ఎన్ని లిఫ్టులున్నాయో తెలుసా?"

బొటనవేలి నుంచి నడినెత్తి దాకా లిఫ్టులేనట. మందు చుక్కలు వాటిలో ఎక్కి, చెడ్డ కణాలు నక్కిన అంతస్తుకి పోయి తలుపులు బాదుతాయట. జుట్టు ఊడితే పైకప్పుకి మరమ్మతు. వాంతులైతే దారిలో కుదుపు. ఇక జ్వరమొస్తే ఓవర్‌లోడ్ బెల్లు మోగినట్టే.

"బెల్లు మోగితే ఆ క్షణమే నాకు చెప్పాలి."

"మోగితే ఏమవుతుంది నాన్నా?"

"లిఫ్టు కదలదు. లోపలున్నవాళ్ళలో ఒకళ్ళు దిగి తీరాలి."

కథ కాస్త రక్తి కట్టాలని చివర్లో విసిరిన మాట అది. విసిరేసి మర్చిపోయాడు. పిల్ల మర్చిపోలేదు.

సూదులు, సెలైన్లు, చేదు మాత్రలు అన్నీ గడిచి చివరి డోసు రోజు వచ్చేసింది. ఆ ఆసుపత్రి లిఫ్టులు చూసేది కూడా ఈయనే కాబట్టి, మందులన్నీ అయిపోయాక మేడ మీద మోటారు గది చూపిస్తానని కూతురికి మాటిచ్చి ఉన్నాడు. పొద్దున్నే ఇల్లంతా హడావుడి. కుట్టుపని చేసే తల్లి కొత్త గౌనుకి ఆఖరి గుండీ కుడుతోంది. తండ్రి అలవాటు ప్రకారం జేబులో టెస్టర్ పక్కనుండే థర్మామీటర్ తీసి పిల్ల చంకలో పెట్టాడు.

తీసి చూస్తే కళ్ళు తిరిగాయి. "ఏమేవ్, మన టపాకాయ బల్లికంటే చల్లగా ఉందే!"

"మీ వేళాకోళం ఆపండి, టైమవుతోంది."

నవ్వుతూ నుదుటి మీద చెయ్యి వేశాడు. నవ్వు ఆగిపోయింది. నుదురు పెనంలా కాలుతోంది. చంక కింద చూస్తే ఒంటి మీదున్న పాత గౌను లోపల దాచిన తడి సాక్సు!

పిల్లలకి ఈ మందులు వాడుతున్నప్పుడు జ్వరమొస్తే ఆలస్యం చేయకూడదని డాక్టరమ్మ మొదటి రోజే గట్టిగా చెప్పింది. దాన్నే ఈయన బెల్లు చేశాడు.

"ఎందుకు దాచావే?"

"బెల్లు మోగితే ఒకళ్ళు దిగాలన్నావుగా. నువ్వు దిగుతావా? అమ్మ దిగుతుందా?"

లిఫ్టుల్ని పళ్ళతో ఆపిన మొనగాడు ఆ తడి సాక్సుని లాగి అవతల పారేశాడు. తల్లి అప్పటికే సంచీ భుజాన వేసి, డాక్టరమ్మకి ఫోన్ చేస్తూ ఆటోని కేకేసింది. ఆయన పిల్లని ఎత్తుకుని పరుగెత్తాడు.

ఆటోలో పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. "ఒక ముక్క చెప్పడం మర్చిపోయానే. అది ఊళ్ళో లిఫ్టుల రూలు. నీ లిఫ్టు స్పెషల్. బెల్లు మోగితే ఎవరూ దిగరు. మెకానిక్ లోపలికి ఎక్కుతాడు."

"అబద్ధం!"

"నీ మీద ఒట్టు. ఇదిగో ఎక్కేశాను, చూడు. దింపమను ఎవర్నైనా!"

"అన్నా, నన్ను కూడా దింపొద్దు, బండి నేనే తోలాలి," అన్నాడు ఆటో అతను హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా. పిల్ల జ్వరంలోనే కిసుక్కుమంది.

ఆసుపత్రి గుమ్మంలోనే సిస్టర్ సిద్ధంగా ఉంది. రక్తం తీయడం, యాంటీబయాటిక్ ఎక్కించడం చకచకా జరిగిపోయాయి. "సమయానికి తెచ్చారు," అంది డాక్టరమ్మ. "ఆ సాక్సు సాయంత్రం దాకా పనిచేసుంటే కష్టమయ్యేది." చివరి డోసు వాయిదా పడింది. జ్వరం దిగేదాకా తండ్రి కొత్త కథ ఒక్కటీ చెప్పలేదు. పాతవాటికే రిపేర్లు చేశాడు. మధ్యమధ్యలో పిల్ల "బెల్లు!" అని అరిచేది, ఆయన మంచం మీదికి గెంతేవాడు, సిస్టర్ తిట్టేది.

జ్వరం దిగింది. ఆ డోసూ ఎక్కింది. తర్వాతి పరీక్షల్లో రక్తం బావుందని చెప్పిన రోజు, పిల్లని భుజాల మీద ఎక్కించుకుని లిఫ్టు దగ్గరికి గంతులేస్తూ వెళ్ళాడు. వెనకాలే తల్లి, సిస్టర్, డాక్టరమ్మ, మోటారు గది మేమూ చూస్తామంటూ దారిలో కలిసిన ఆయాలు, వార్డుబాయిలు. అందరూ ఇరుక్కుని ఎక్కేశారు. పిల్ల బటన్ నొక్కింది.

బెల్లు గణగణా మోగింది.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డాక్టరమ్మ దిగబోతుంటే పై నుంచి టపాకాయ పేలింది. "ఎవరూ దిగద్దు! మెకానిక్ లోపలే ఉన్నాడు!"

మెకానిక్ ఏం చేస్తాడు? నోరెళ్ళబెట్టి నిలబడ్డాడు. ఎవరూ దిగలేదు, లిఫ్టూ కదల్లేదు. బెల్లు మోగుతూనే ఉంది, నవ్వీ నవ్వీ లిఫ్టు ఊగిపోతూనే ఉంది.

ఆ నవ్వులకే అది మేడ మీదికి ఎగిరిపోయిందని ఇప్పుడు ఆయన అందరికీ చెబుతున్నాడు. పక్కనున్న పిల్ల అవునంటూ తలూపుతోంది, కొత్తగా మొలిచిన జుట్టుతో సహా.