తరలాబెన్ పథ్యం

నవ్‌సారిలో మా వీధి తరలాబెన్ ఊయలబల్ల మీద కూర్చుంటే గొలుసులు మూలుగుతాయి. నూట ఇరవై కిలోల మనిషి. ఎడమచేత్తో గొలుసు, కుడిచేత్తో మోకాలు పట్టుకుని లేస్తుంది. లేచాక నడక వంటింటి వైపే. కాలేయం నిండా కొవ్వు పేరుకుందనీ, వదిలేస్తే అది రాయవుతుందనీ, పొట్ట కోసి చిన్నది చేస్తేనే బతుకుతుందనీ డాక్టరు చెప్పాడు. ముందు కాలేయం కుంచించుకోవాలి గనక పదిహేను రోజులు తాగేవే తీసుకోమన్నాడు. మామిడిపళ్ళ రోజులు, ఇంటింటా రసంలో పూరీలు ముంచుకు తినే కాలం. తరలాబెన్ ఒక్క పూరీ ముట్టలేదు, ఒట్టు. పూటకు నాలుగు గిన్నెల మామిడిరసం మాత్రం నెయ్యీ శొంఠీ వేసుకుని తాగింది. మధ్యమధ్య చిక్కగా కాచిన పాల బాసుందీ. "నమిలితే కదా తప్పు!" అని మొగుణ్ణి కసిరింది.

తీరా పొట్టకు చిల్లులు పెట్టి చూస్తే, పసుపుపచ్చగా ఉబ్బిన కాలేయం కడుపును కప్పేసి ఉంది. డాక్టరు ఏమీ చెయ్యకుండానే కుట్లు వేసి, ఈసారి నిజంగా పథ్యం చేసి నెలకు రమ్మన్నాడు.

పలకరింపుకు వచ్చిన పక్కింటి దక్షాబెన్ గుమ్మంలోనే బుగ్గలు నొక్కుకుంది. "అమ్మో తరలాబెన్, అప్పుడే సగమైపోయావే! మా కోడలి జాకెట్టు పడుతుందే నీకు!"

మొగుడు నోరు తెరవబోతే తరలాబెన్ అతని కాలు తొక్కింది. "పొట్ట ముప్పాతిక తీసేశారు బెన్. ఇక చెంచాడే పడుతుంది," అంది సిగ్గుపడుతూ.

ఆ వారమంతా వీధి వీధంతా వచ్చి పొగిడింది. డాక్టరు చెప్పిన రోజున మొగుడు రిక్షా పిలిచాడు. "తీసేసిన పొట్టను మళ్ళీ తీయడమేమిటని దక్షాబెన్ అడిగితే ఏం చెప్పను?" అని తరలాబెన్ రిక్షాను తిప్పి పంపేసింది.