గోపాలకృష్ణన్ చెయ్యి

గోపాలకృష్ణన్‌కి కోపం ముక్కు మీద ఉంటుందని రాజపాళయంలో అంటారు. అబద్ధం. కోపం అతని కుడిచేతిలో ఉంటుంది. మాట నోటిదాకా వచ్చేలోగా చెయ్యి పని కానిచ్చేస్తుంది. స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా ఉన్నప్పుడు సూపర్‌వైజరు దవడ విరగ్గొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సేత్తూరు రోడ్డులో సొంతంగా కార్ల షెడ్డు పెట్టాక పనివాళ్లను కొట్టాడు. చివరికి మిగిలిన మణికండన్‌ని జాకీ రాడ్డుతో బాదితే పాపం అతని చెవి చిట్లింది. ఆ తర్వాత ఆ షెడ్డు గడప తొక్కిన పనివాడు లేడు.

మిగిలింది కూతురు శివరంజని. లేతు మిషను పని, ఇంజను పని అన్నీ తండ్రి దగ్గరే నేర్చుకుంది. చోళపురంలో ట్రాక్టర్ల వర్క్‌షాపు వాళ్లు రమ్మంటున్నా వెళ్లలేదు. "నామీద చెయ్యి పడిన రోజు నేను చోళపురం పోతాను నాయనా. మళ్ల రాను" అని మాత్రం చెప్పి పెట్టింది. ఆ మాటకు గోపాలకృష్ణన్ నిజంగానే భయపడ్డాడు. చూపు మందగించింది, ఆమె లేకపోతే షెడ్డుకు తాళమే. అన్నిటికన్నా ఆ పిల్లంటే అతనికి ప్రాణం. అయితే ఆ సంగతి చేతికి తెలియాలి కదా.

మిల్లు యజమానుల ఇంటి విజయరాఘవ తన తాతనాటి ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. బండి కదిలితే చాలు, గేరు రాడ్డు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు మోత. శివరంజని విప్పి చూసింది. రాడ్డు అడుగున ఉండే నైలాన్ బుష్షు అరిగిపోయింది, దాన్ని నొక్కి పట్టే స్ప్రింగు బిగువు పోయింది. బుష్షు తనే లేతు మీద చేసి వేసింది. మోత సగం తగ్గింది.

"స్ప్రింగు కోయంబత్తూరు నుంచి రావాల. అది వచ్చేదాకా బండి తియ్యొద్దు" అంది.

ఆగడమన్నది గోపాలకృష్ణన్ జాతకంలోనే లేదు. ఆమె అన్నానికి వెళ్లగానే, మిల్లులో పనిచేసిన వాళ్లంతా చేసే పనే చేశాడు. ఈ ఊళ్లో దెబ్బకు దూది, కారే కుళాయికి దూది, ఊగే కిటికీ రెక్కకూ దూదే. మిల్లు వేస్టు దూది పిడికెడు తీసి రాడ్డు చుట్టూ కూరి, పైన రబ్బరు తొడుగు బిగించాడు. మోత పోయింది. తగుదునమ్మా అని విజయరాఘవకు ఫోన్ చేశాడు.

"సత్తం నిలిచింది సార్. రండి, ఒక రౌండు పోయి వస్తాము."

ఇద్దరూ బయల్దేరారు. సేత్తూరు దాటాక మలుపులో చెరకు ట్రాక్టరు ఎదురైంది. విజయరాఘవ గేరు మార్చబోతే రాడ్డు బిగుసుకుపోయి ఉంది. దానితో పెనుగులాడుతూ రోడ్డు మీద చూపు తప్పాడు. కారు కల్వర్టు గోడను గుద్దింది. విజయరాఘవ నుదురు పగిలి రక్తం కళ్లలోకి కారింది.

ఆ ట్రాక్టరుకే కట్టి కారును షెడ్డుకు లాక్కొచ్చారు. గోపాలకృష్ణన్ దిగుతూనే కూతురి మీదికి పోయాడు.

"నీ బుష్షు ఈయన్ను చంపి ఉండును" అంటూ చెంప మీద కొట్టాడు. ఆమె తూలి లేతు అంచుకు తగిలి పడింది. లేవబోతే మళ్లీ కొట్టాడు. పెదవి చీలింది. "విడు గోపాలా" అని విజయరాఘవ అడ్డొస్తే, దెబ్బ తిన్న మనిషని కూడా చూడకుండా తోసేశాడు.

శివరంజని ఏడవలేదు. నోట్లో రక్తం ఉమ్మేసి, స్పానరు తీసుకుని గేరుబాక్సు మూత విప్పింది. బుష్షు వేసింది వేసినట్టే ఉంది. దాని కింద, గేర్లు మార్చే ఫోర్కులకు నూనెలో నానిన దూది చుట్టుకుని ముద్దకట్టి ఉంది. వేళ్లతో పీకి తండ్రి కాళ్ల ముందు వేసింది. చేతులు కడుక్కుని సంచి తీసుకుంది.

"రంజనీ, పోవద్దమ్మా. అది నేనే పెట్టినాను" అన్నాడు. ఆమె నిలవలేదు.

అప్పుడతను కుడిచేతిని షెడ్డులోని ఇనప దాగలి మీద పెట్టి, ఎడమచేత్తో సుత్తి ఎత్తి దించాడు. ఎముకలు విరిగాయి. మళ్లీ దించాడు. విజయరాఘవ వచ్చి సుత్తి లాక్కునే సరికి వేళ్లకు ఆకారం లేదు.

"ఇంక ఇది ఎవురినీ కొట్టదు. ఉండు తల్లీ" అన్నాడు.

శివరంజని గుమ్మంలో ఆగి ఆ చేతిని చూసింది. జాలి కలిగింది. కానీ భయం అంతకన్నా ఎక్కువ కలిగింది.

"ఇప్పుడు నువ్వు చేసిందీ కొట్టేదే కదా నాయనా" అని, రోడ్డు దాటి బస్సెక్కింది.