నిజాముద్దీన్ చేసిన నెలవంకలు

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో నిజాముద్దీన్ కొట్టుకు బోర్డు లేదు. తాళాలు, కిరసనాయిలు స్టవ్వులు, కుట్టుమిషన్లు బాగుచేసే ఆ ఇరుకు గదిని ఊరంతా 'తుపాకుల నిజాముద్దీన్ దుకాణం' అనేది. నిజానికి అందులోకి తుపాకి వచ్చి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. నిజాం కాలంలో అతని తండ్రి వరంగల్లులో దొరల వేట తుపాకులు బాగుచేసేవాడు. కొడుకు ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. ఆ పని చేతికొచ్చేసరికి పోలీసు చర్య జరిగింది, ఊళ్లలోని తుపాకులన్నీ ఠాణాలకు చేరాయి. నేర్చిన విద్య నేర్చినట్టే ఉండిపోయింది. ఎవరైనా తాళం తెచ్చి "తుపాకులన్నా, జర చూడు" అంటే మాత్రం అతని ముఖం వెలిగేది. ఆ పిలుపంటే అతనికి అంత ఇష్టం.

ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలం మొదట్లో రఘునాథ్ సేటు ఆ కొట్టు మెట్లెక్కాడు. బజారులో ధాన్యం టోకు వ్యాపారం ఆయనది. ఆ మధ్యనే కొత్తగూడ అడవుల్లో తునికాకు కాంట్రాక్టు కూడా పట్టాడు. తువ్వాలు మూట విప్పి బల్లమీద ఒక రివాల్వరు పెట్టాడు.

"అరవై తొమ్మిదిల గొడవలప్పుడు దుకాన్లన్నీ బందువెట్టినం గద, అప్పుడు పానం జల్లుమని ఒక దొర దగ్గర కొన్న. లైసెన్సున్నది. తూటాలున్నయి. గని ఇది పేలదు ఉస్తాద్. ఒక్కనాడు పేలలేదు."

నిజాముద్దీన్ దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంనాటి అమెరికా రివాల్వరు. తూటాల చక్రాన్ని పక్కకు తెరిచి ఒక తూటా వేశాడు. అది జారి లోపలికి దిగిపోయింది. సుత్తె కొట్టినా తూటాను పేల్చే సూది దానికి అందదు. తూటాను తిప్పి చూస్తే సంగతి అర్థమైంది. మామూలు రివాల్వరు తూటాకు అడుగున అంచు ఉంటుంది, ఆ అంచే దాన్ని చక్రంలో ఆపుతుంది. ఈ తూటాకు అంచు లేదు, దాని బదులు చుట్టూ ఒక గాడి ఉంది.

"సేటూ, దీనికి నెలవంకలు పోయినయి."

"నెలవంకలేంది?"

"సగం చంద్రుని లెక్క సన్నటి ఇనుప రేకు. దానికి మూడు తూటాలు పట్టిచ్చి, మూడింటిని ఒక్కపారే చక్రంల వెయ్యాలె. అసొంటియి రెండేస్తే చక్రం నిండుతది. కాల్చినంక ఒక్కపారి ఒత్తితే ఖాళీ ఖోళ్లు రేకుతోని సహా బయట వడ్తయి. నాయిన దగ్గర ఒకపారి చూసిన."

"చేస్తవా?"

చేయగలనో లేదో నిజాముద్దీన్‌కే తెలియదు. అయినా "చేస్త" అన్నాడు.

పాత గోడగడియారం స్ప్రింగు ఒకటి తీసి, నిప్పుల్లో కాల్చి మెత్తబరిచి, కత్తిరించాడు. తూటా గాడికి సరిపోయేలా ఆకురాయితో గుండ్రటి గంట్లు రాశాడు. మళ్లీ కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాడు. మొదటిది తూటా నొక్కగానే పుటుక్కున విరిగింది. తర్వాతది వంగింది. వంగిన రేకుతో చక్రం తిరగదు, ఎక్కడో రాసుకుని బిగుసుకుపోతుంది. స్టవ్వులు, తాళాలు ఒక మూల పేరుకుపోయాయి. భార్య జహీరా బేగం అన్నం పంపిస్తే గిన్నె మూత కూడా తియ్యకుండా ఆ పనిలోనే మునిగాడు. చివరికి ఒక రేకు కుదిరింది. మూడు తూటాలు దానికి పట్టుకుని నిలబడ్డాయి, చక్రంలోకి 'టక్' మని దిగాయి, చక్రం నీళ్లలా తిరిగింది.

సేటు అడిగింది ఒక జత. చెయ్యి అలవాటుపడ్డాక నిజాముద్దీన్ ఆగలేకపోయాడు. ఇంకో జత కూడా చేశాడు. అది ఎవరూ అడిగింది కాదు, తన ముచ్చట కొద్దీ చేసుకున్నది.

సేటు రాగానే ఇద్దరూ ఊరవతల వాగు ఒడ్డుకు వెళ్లారు. సేటు అతనికే ముందు కాల్చే అవకాశమిచ్చాడు. చెవులు గింగురుమన్నాయి. చక్రం తెరిచి ఒత్తగానే తూటాల ఖాళీ ఖోళ్లన్నీ వెచ్చగా అరచేతిలో పడ్డాయి. నిజాముద్దీన్ రెండో జత తీసి, రెప్పపాటులో చక్రం నింపి చూపించాడు.

"ఇగ చూడు సేటూ. ఒక్కొక్కటి ఏరుకునుడు లేదు. అయిపోయిందనుకునే లోపట మల్ల నిండుతది."

రెండో జతను కూడా సేటు చేతిలో పెట్టి, చంటిపిల్లాడిలా నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. జహీరా అంతా విని ఒక్క మాట అడిగింది.

"ఆయన దేన్ని కాలుస్తడట?"

"అడవిల పందులుంటయి గద" అన్నాడు. సేటును ఆ మాట తను అడగనేలేదు.

తునికాకు కోత మొదలైంది. కొత్తగూడ దగ్గరి తండాల లంబాడీలు, కోయలు పొద్దుపొడవక ముందే అడవికిపోయి ఆకు తెంపి, కట్టలు కట్టి కల్లానికి తెచ్చేవారు. ఆ ఏడు కట్టకు రేటు పెంచితేనే ఆకు పోస్తామని అడ్డం కూర్చున్నారు. వాళ్ల తరఫున మాట్లాడేవాడు జాల్యా. నలభైకి దగ్గరపడ్డ మనిషి, కుర్రతనంలో వేటకొచ్చే దొరల వెంట అడవంతా తిరిగినవాడు. మాటా మాటా పెరిగి జనం కల్లాన్ని చుట్టుముట్టేసరికి, రఘునాథ్ సేటు రివాల్వరు తీసి కాల్చాడు. ఆ మొదటి ఆరు తూటాలు ఎవరికీ తగల్లేదు. అందరూ ఆకు కుప్పల వెనక్కి ఉరికారు. జాల్యాకు రివాల్వర్ల సంగతి తెలుసు. మోతలు లెక్కపెట్టుకున్నాడు. ఆరూ అయిపోయాయి, మళ్లీ ఒక్కొక్కటే ఏరి నింపుకోవాలి, ఈలోపు వెళ్లి చెయ్యి పట్టుకోవచ్చనుకుని కుప్ప వెనకనుంచి లేచి ముందుకు నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో రివాల్వరు మళ్లీ మోగింది. గుండు మోకాలి చిప్పను పగలగొట్టి అవతలికి పోయింది.

బస్సు దిగినవాళ్లు ఆ సంగతి స్టేషన్ రోడ్డులో చెప్పుకుంటుంటే నిజాముద్దీన్ తాళం అరగదీస్తూ విన్నాడు. "ఎట్ల నింపిండో ఏమో, మంత్రమేసినట్టే నింపిండట" అన్నాడొకడు. నిజాముద్దీన్ చేతిలో ఆకురాయి ఆగిపోయింది. వాగు ఒడ్డున తను పలికిన మాటలు తన గొంతుతోనే వినిపించాయి. అడగని ఆ రెండో జత లేకపోతే జాల్యా రెండు కాళ్లమీద నడుస్తూ ఉండేవాడు.

మూడోనాడు ఠాణా నుంచి పిలుపొచ్చింది. లోపల రఘునాథ్ సేటు కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గోడ పక్కన జాల్యా తమ్ముడు సక్రు నిలబడి ఉన్నాడు. కాల్పులు జరిపింది తాను కాదని, అడవిలో తిరిగేవాళ్లెవరో కాల్చారని సేటు రాయించాడు. తన రివాల్వరు కొన్ననాటి నుంచీ చచ్చిపడి ఉందట. బల్లమీద రివాల్వరు ఉంది. నెలవంకలు లేవు.

"నీకు తుపాకుల పని తెలుసట గద" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు. "ఇది పేలుతదా?"

నిజాముద్దీన్ దాన్ని తెరిచాడు. తూటా వేస్తే జారి లోపలికి దిగింది. సక్రు రెప్పవేయకుండా చూస్తున్నాడు. సేటు బెదిరించలేదు, కనీసం కళ్లెర్రజేయలేదు. "ఉన్నదున్నట్టు చెప్పు ఉస్తాద్" అని మాత్రం అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.

నిజం నోటిదాకా వచ్చింది. రేకులు తనే చేశానంటే, లైసెన్సు లేకుండా ఆయుధం పని చేసినందుకు ముందు తననే లోపలేస్తారు. జహీరా ముఖం కళ్లముందు కదిలింది.

"గిట్లయితే పేలదు సార్" అన్నాడు.

సబ్ ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. ఆ మాటలో అక్షరం అబద్ధం లేదు.

బయటికొచ్చాక సక్రు వెనకనుంచి పిలిచాడు.

"ఉస్తాద్. తుపాకుల పనిల మీకంటె తెలిసినోళ్లు లేరని మా అన్ననే చెప్పిండు. మీరొస్తున్నరంటె నిజం బయట పడ్తదనుకున్న."

నిజాముద్దీన్ ఏదో పని ఉన్నవాడిలా రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఇంట్లో జహీరా అన్నం పెట్టకముందే "ఝూట్ తో నై బోలే నా జీ?" అని అడిగింది. "అబద్ధం చెప్పలేదు" అన్నాడు. ఆమె అతని ముఖం చూసి, లేచి అన్నం పెట్టింది. ఆమె వైపు తిరిగి పడుకోవడానికి కూడా చాలా రోజులు మొహం చెల్లలేదు. శుక్రవారం నమాజుకు ముందు వరసలో నిలబడే మనిషి, చెప్పులు విడిచేచోటుకు దగ్గరగా వెనక వరసకు జరిగాడు. ఎవరైనా "తుపాకులన్నా" అంటే, వెనక ఇంకెవరినో పిలిచినట్టు తల వంచుకునేవాడు.

కేసు మూతపడింది. రెండేళ్లు గడిచాయి.

శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరలో నిజాముద్దీన్ ఏటా గొళ్లేలు, తాళాలు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ ఏడు మిట్టమధ్యాహ్నం ఒక మనిషి కర్ర ఊతంతో వచ్చి అతని ముందు నిలబడ్డాడు. కుడి కాలు కొయ్యలా బిగుసుకుని ఉంది. ఆ మనిషి ఎవరో చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఉస్తాద్, నీడల కూసుంట, జర జరుగున్రి. నిలవడితే కాలు గుంజుతది" అన్నాడు జాల్యా.

నిజాముద్దీన్ గబగబా గోనెపట్టా సర్ది చోటిచ్చాడు. జాల్యా కాలు చాపుకుని కూర్చుని, జనాన్ని చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"సేటు మొన్న తాగి చెప్పుకున్నడట. గా ఇనుప రేకులు మీరే చేసిచ్చిన్రని. నిజమేనా?"

"నిజమే."

"రెండోసారి నింపిన రేకులు గూడ?"

"గవి గూడ నేనే చేసిన. ఆయన అడగలె. నేనే చేసిచ్చిన."

జాల్యా అతని వైపు తిరిగాడు. సేటు అడగకుండానే చేశాడన్న సంగతి తనకు తెలియదు.

"మరి ఠాణాల ఎందుకు చెప్పలే?"

"భయమైంది, జాల్యా."

జాల్యా మోకాలు రుద్దుకున్నాడు. "నాకు గూడ భయమైంది గా దినం" అన్నాడు. "గని ఆకు కుప్పెనక ఆడోళ్లున్నరు. లేచిన." కర్ర ఆనించుకుని లేచాడు. నిజాముద్దీన్ ఆసరాకు చెయ్యి చాపాడు. జాల్యా ఆ చెయ్యి పట్టుకోలేదు.

జాతర అయిపోకముందే సామాను సర్దుకుని నిజాముద్దీన్ ఇంటికి వచ్చాడు. తెల్లారి జహీరాకు చెప్పి ఠాణాకు నడిచాడు. ఈసారి ఆమె గడపదాకా వచ్చి నిలబడింది. కొత్త సబ్ ఇన్‌స్పెక్టరు అంతా విని, "ఇన్నొద్దులు ఏం చేసినవ్?" అని చెంప మీద ఒకటి కొట్టాడు. సాయంత్రందాకా బెంచీ మీద కూర్చోబెట్టి, వాంగ్మూలం రాయించుకుని పంపించారు. సేటు రివాల్వరును ఠాణాలో జమ చేయించారు. అంతకుమించి ఏమీ జరగలేదు. మూసిన కేసు తెరుచుకోలేదు. కొన్నాళ్లకు రఘునాథ్ సేటు వ్యాపారం జనగామకు మార్చి, అక్కడ ఇంకా పెద్ద దుకాణం పెట్టాడు. మహబూబాబాద్ బజారులో సావుకార్లెవరూ నిజాముద్దీన్‌కు మళ్లీ తాళం ఇవ్వలేదు. జహీరా కుట్టుపని మీద ఇల్లు నడిచింది.

చెప్పేస్తే బరువు దిగుతుందని అతను అనుకున్నాడు. దిగలేదు. చెప్పవలసిన రోజు ఒకటుంది, అది దాటిపోయిందని మాత్రం బాగా తెలిసొచ్చింది.

మరుసటి శివరాత్రికి కూడా కురవి వెళ్లాడు. మానేద్దామనుకున్నాడు, జహీరా ఊరుకోలేదు. ఎండ ఎక్కుతుండగా జనంలో సక్రు భుజం పట్టుకుని నడుస్తున్న జాల్యా కనిపించాడు. నీడ ఇటువైపే ఉంది. నిజాముద్దీన్ గోనెపట్టాను పక్కకు సర్దాడు. సక్రు అన్న చెవిలో ఏదో అన్నాడు. జాల్యా ఆగి ఇటు చూశాడు, తల కొంచెం ఊపినట్టే ఊపి, ఎండలోనే ముందుకు నడిచాడు.

ఒక ఆడమనిషి వంగి గొళ్లెం ధర అడుగుతోంది. నిజాముద్దీన్ ధర చెప్పాడు, సర్దిన గోనెపట్టాను మాత్రం వెనక్కి లాగలేదు.