దక్షిణం వాకిలి, మంగళవారం మూడున్నర

అమెరికాలో ముందు ఇర్వింగ్‌లో నేనున్న అపార్ట్‌మెంట్లకి ఈతకొలను ఉండేది, టెన్నిస్ కోర్టు ఉండేది, ఎందుకుందో తెలియని ఫౌంటెన్ కూడా ఉండేది. నాకు ఈత రాదు, టెన్నిస్ రాదు. అయినా వాటికి అద్దె కట్టినన్నాళ్లూ ఎక్కువ అనిపించలేదు. రెండువేల పన్నెండులో పడమటి తీరాన సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చాక, అదే అద్దె మనసులో పెట్టుకుని ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. ఆ డబ్బుకి ఒకాయన గరాజ్ చూపించాడు. గరాజ్ మొత్తం కాదు. రాత్రిళ్లు కారు కూడా అక్కడే ఉంటుందన్నాడు.

ఇల్లు దొరికేదాకా ట్రేసీలో ఆంటీవాళ్లింట్లో ఉన్నాను. ఆంటీ మా అమ్మతో వరంగల్‌లో డిగ్రీ చదివింది. అంకుల్‌ది గుంటూరు. కొండల అవతల పెద్ద ఇల్లు, ముందు గులాబీలు, తూర్పు వాకిలి. కింది గది నాకిచ్చారు. అయితే ఆ నెల ఇరవై ఎనిమిదిన అంకుల్‌వాళ్ల అమ్మగారు ఆరు నెలలకు వస్తున్నారు. ఆవిడ మోకాళ్లకు మెట్లు పడవు కాబట్టి ఆ గది ఆవిడది. అంకుల్ నన్ను వెళ్లమనలేదు. హాల్లో సోఫా ఉందన్నారు, మొహమాట పడొద్దన్నారు. సోఫా మంచిదే. కానీ నాకప్పటికి ఇరవై ఆరేళ్లు. ఇంట్లో చెల్లితో, హాస్టల్లో ముగ్గురితో, ఇర్వింగ్‌లో ఇంకొకమ్మాయితో గడిచిపోయింది తప్ప, నా ఒక్కదానికే తాళంచెవి ఉన్న తలుపు ఒక్కటీ లేదు. ఇరవై ఎనిమిదిలోగా అలాంటి తలుపొకటి సంపాదించాలని నిర్ణయించుకున్నాను. సోఫా మీదికి చేరితే మళ్లీ లేవనని నాకు నా మీద నమ్మకం.

పొద్దున్నే ఐదున్నరకు ఆంటీ కారులో ఇద్దరం బయల్దేరేవాళ్లం. ఆవిడ ఉద్యోగం మా ఆఫీసుకి రెండు సిగ్నళ్ల దూరంలో, వైద్య పరికరాలు చేసే కంపెనీ నాణ్యత విభాగంలో. స్టీరింగ్ పట్టుకునే ఇడ్లీ తినేది. కొండ దిగేచోట మొదటిది, దారిలో డబ్లిన్ అనే ఊరు దాటాక రెండోది. మూడోది తీసిందంటే ఆ రోజు ఎక్కడో యాక్సిడెంట్ అయిందని అర్థం. పదకొండేళ్లుగా అలాగే వెళ్తోందట. అలసటగా ఉండదా అని ఒకసారి అడిగాను. అలవాటైందని చెప్పి రేడియో పెట్టింది.

లంచ్ టైములోనూ, శని ఆదివారాల్లోనూ ఇళ్లు చూసేదాన్ని. ఒక స్టూడియోలో ఫ్రిజ్ బట్టల అల్మరాలో ఉంది. తలుపు తీస్తే పాలు, చొక్కాలు కలిసి కనిపిస్తాయి. ఒక చోట ఇల్లు చూపించే గంటకు ముప్పై మంది క్యూ కట్టారు, అచ్చం మా రేషన్ షాపులా. తేడా ఏమిటంటే అక్కడ అందరూ నవ్వుతున్నారు. మనవాళ్లింట్లోనే ఒక గది చూశాను. ఆవిడ వంటింట్లో పొయ్యి వాడే వేళలు, స్నానం వేళలు, ఫోన్‌లో మాట్లాడే గొంతు స్థాయి చెప్పి, నేను కలివిడిగా ఉంటానా అని చివర్లో అడిగింది. ఉంటానని చెప్పే అవకాశం ఆ నియమాల్లో కనిపించలేదు.

ఇంకో చిక్కుంది. అద్దెకి మూడు రెట్లు జీతం ఉండాలి, లేకపోతే ఎవరైనా హామీ సంతకం పెట్టాలి అనేది ఇక్కడి ఆఫీసుల పద్ధతి. నా జీతం రెండున్నర రెట్ల దగ్గర ఆగిపోయింది. సంతకం నేను పెడతానమ్మా అని అంకుల్ ముందే మాటిచ్చారు. షరతు ఒక్కటే, ఇల్లు ఆయన చూడాలి. చూడటమంటే గోడలు, నీళ్లు చూడరు. వాకిట్లో తలుపుకి వీపు ఆనించి నిలబడి, ఫోన్‌లో దిక్సూచి తెరిచి అరచేతిలో పెట్టుకుంటారు. తూర్పైతే తల ఊపుతారు. ఉత్తరమైతే ఆలోచిస్తారు. మిగతావాటికి కారెక్కుతారు. అలా మూడు ఇళ్లకు కారెక్కాం.

ఇరవై ఎనిమిది ఇంకా వారం ఉందనగా శనివారం నాడు ఇంకో అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌కి వెళ్లాం. రైలు స్టేషన్‌కి దగ్గర, మా ఆఫీసుకి నడక దూరం. సగం బాల్కనీల్లో తులసి మొక్కలున్నాయి. ఆఫీసులో కూర్చున్నావిడ అరవై దాటిన అమెరికన్, మెడలో గొలుసుకి కళ్లద్దాలు. నన్ను, నా వెనకాల అంకుల్‌ని, ఆయన చేతిలో ఫోన్‌ని వరసగా చూసి, తూర్పువేవీ ఖాళీ లేవని నేనడక్కముందే చెప్పింది. తూర్పు వాకిళ్లకు అద్దె కొంచెం ఎక్కువేనట, అయినా నిలవవట. ఒక్కటి మాత్రం ఉంది, కింది అంతస్తులో, మూడు నెలలుగా ఖాళీ. అద్దె తగ్గించారు, మొదటి నెల వదిలేస్తారు.

"మీవాళ్లు వస్తారు, ఫోన్ తీస్తారు, ఒకసారి చుట్టూ తిరుగుతారు, థాంక్యూ చెప్పి వెళ్తారు," అంది. "లోపలికి వెళ్లి చూసినవాళ్లు ఇంతవరకూ లేరు."

నేను లోపలికి వెళ్లాను. చిన్న హాలు, ఒక గది, వెనక ఉత్తరం వైపు అద్దాల తలుపు తీస్తే చాపంత పెరడు. వంటింటి కిటికీలోంచి ఎండ పొయ్యి దాకా పడుతోంది. ఫ్రిజ్ ఫ్రిజ్ ఉండాల్సిన చోటే ఉంది. బయటికొచ్చేసరికి అంకుల్ వాకిట్లో ఉన్నారు. ఫోన్ నూట డెబ్బై తొమ్మిది అంటోంది. ఇనుప రెయిలింగ్ వల్ల తప్పు చూపిస్తోందేమోనని పార్కింగ్‌లోకి వెళ్లి మళ్లీ చూశారు. అక్కడ నూట ఎనభై, నిఖార్సైన దక్షిణం.

మంగళవారం సాయంత్రం ఐదింటికి ఇంకొకతను కుక్కతో సహా వచ్చి చూస్తాడని, అతనికి దిక్కుల పట్టింపు ఉన్నట్టు లేదని ఆవిడ చెప్పింది. ఆదివారం, సోమవారం ఆఫీసు ఉండదు. కాగితాలు పూర్తిచేయాలంటే మంగళవారం మూడు నుంచి నాలుగున్నర లోపు రమ్మంది. మిగతా వేళలన్నీ ఎవరో ఒకరు రాయించుకున్నారు.

"ఆ వేళలో ఎందుకో మీవాళ్లెవరూ రారు," అంది. "మంగళవారాలు నేను లంచ్ అప్పుడే తింటాను."

మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఆవిడకి రాహువు తెలియదు. తీరిక మాత్రం దొరికింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అంకుల్ మర్యాదగానే మొదలుపెట్టారు. దక్షిణం వాకిలి, మంగళవారం, రాహుకాలం, ఇవి మూడూ ఒకేచోట దొరకడం కూడా కష్టమన్నారు. ఇంకో వారం ఆగమన్నారు. అప్పటిదాకా సోఫా ఉందన్నారు.

"నమ్మకాలేమీ కాదమ్మా. జాగ్రత్త. సీట్ బెల్ట్ పెట్టుకుంటాం చూడు, అలాంటిది. తెలిసి తెలిసి నేనెట్లా సంతకం పెడతాను? రేపు ఏదైనా అయితే మీ అమ్మకి ఏం చెప్పను?"

నాకు అనకూడని మాటలు అన్నం తినేటప్పుడే వస్తాయి.

"మీ ఉద్యోగం పోయిన రెండు లేఆఫ్‌లూ ఈ ఈస్ట్ ఫేసింగ్ ఇంట్లో ఉన్నప్పుడే కదా అంకుల్ అయ్యాయి," అన్నాను.

ఆయన పెరుగు కలుపుకుంటూ, "అందుకే రెండే అయినాయి," అన్నారు.

ఈ లెక్క నాకు మాస్టర్స్‌లో చెప్పలేదు. అయినా ఆగలేదు. ఇల్లు మంగళవారం తీసుకుంటానని, సంతకం లేకపోతే కారు అమ్మి డబుల్ డిపాజిట్ కట్టుకుంటానని చెప్పాను. అంత డిపాజిట్‌కి వాళ్లు ఒప్పుకుంటారో లేదో, పదేళ్లు దాటిన నా కారుకి అంత వస్తుందో లేదో నాకు తెలియదు. గొంతు మాత్రం తెలిసినట్టే పలికింది. నా సంతకం లేకుండా ఎవరిస్తారో చూద్దాం అన్నారు అంకుల్, కోపంగా కాదు, నిజంగానే చూడాలన్నట్టు.

ఆంటీ మజ్జిగ గిన్నె బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. మామూలుగా ఆవిడ మాట అంకుల్ మాటలాగే ఉంటుంది, కోపమొస్తే మాత్రం వరంగల్ తిరిగొస్తుంది.

"వంటింట్ల ఎండ పడ్తదా?"

పడుతుందన్నాను.

"స్టేషన్ పక్క పొంటి, పచ్చ గేటు?"

అదేనన్నాను. ఆంటీ కూర్చుంది.

"మేం కూడా ఆ సందులనే ఒక ఇల్లు చూసినం. నా ఆఫీసు ఏడు నిమిషాలు. వంటింట్ల ఎండ ఉండె. దక్షిణం వాకిలని ఈయన కారెక్కిండు. ఎక్కి ఎక్కి ఈడ దిగిండు." తర్వాత అంకుల్ వైపు చూసింది. "మీ ఆఫీసు ఇప్పుడు ఇంటి నుంచి పది నిమిషాలు. నేను పదకొండేండ్ల సంది నడుపుతున్న. తూర్పు వాకిట్ల నుంచి చీకట్ల వెళ్లి చీకట్ల వస్తున్న. ఆ తూర్పు ఎట్లుంటదో నేను చూడనేలేదు."

అంకుల్ ఏదో అనబోయారు.

"సంతకం నేను పెడ్త," అంది ఆంటీ. "నాకూ జీతం ఉన్నది. మంగళారం మూడున్నరకే పెడ్త."

ఆదివారం, సోమవారం ఆ ఇంట్లో అందరం చాలా మర్యాదగా ఉన్నాం. అంత మర్యాద నేను మళ్లీ వీసా ఇంటర్వ్యూలోనే చూశాను.

మంగళవారం ఆంటీ ఆఫీసు బ్యాడ్జి మెడలో ఉండగానే వచ్చింది. కాంప్లెక్స్ ఆఫీసులో ఆ కళ్లద్దాలావిడ సాండ్‌విచ్ పక్కకి జరిపి కాగితాలు ముందు పెట్టింది. నేను తొమ్మిది చోట్ల సంతకం చేశాను, ఆంటీ నాలుగు చోట్ల. మూడు నలభైకి తాళంచెవి నా చేతిలో ఉంది. కావాలంటే పెరటివైపు నుంచి కూడా లోపలికి వెళ్లొచ్చని, కొందరికి అలా ఇష్టమని విన్నానని అద్దాలావిడ అంది. కావాల్సినంత తెలుసుకుంది, కారణం తప్ప.

ఆంటీ ఆ మాట వినిపించుకోలేదు. దక్షిణం వాకిట్లో నిలబడి, తలుపు నన్ను తీయమంది. నేను తీశాను. వరసగా ఇద్దరం లోపలికి వెళ్లాం. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు నిలబడింది. ఎండ చేతుల మీద పడుతుంటే గాజులు పైకి జరుపుకుంది, పని మొదలుపెట్టేదానిలా. పని ఏమీ లేదు. లంచ్ బ్యాగులోంచి చిన్న స్టీల్ గిన్నె, పాల సీసా తీసింది. దిక్కు, వారం, వేళ ఏవీ పట్టించుకోని మనిషి పాలు పొంగించడం మాత్రం మానలేదు. వద్దనడానికి నేనెవరు? పాలు పొంగి కరెంటు పొయ్యి వేడి కాయిల్ మీద పడగానే పొగ అలారం మోగింది. నేను తువ్వాలుతో విసురుతుంటే ఆంటీ నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుంది. మా గృహప్రవేశానికి మేళం అదే.

నాలుగు ముప్పై ఒకటికి ఆంటీ ఫోన్ మోగింది. అంకుల్ మెసేజ్: 'ఇప్పుడు సంతకం పెట్టొచ్చు.'

ఆంటీ చదివి నాకు చూపించింది. ఫోన్ బ్యాగులో వేసుకుంది.

"చెప్పకు," అంది. "పాపం, గడియారం ముందల కూసున్నట్టున్నడు."

మేం చెప్పలేదు. ఆయన అడగలేదు.

నేను ఆ ఇంట్లో మూడేళ్లున్నాను. నాకేమీ జరగలేదని చెప్పను. కారు అద్దం పగలగొట్టారు, ఒక లేఆఫ్ అయింది, పెళ్లిదాకా వచ్చిన ఒక సంబంధం పెళ్లిదాకానే వచ్చింది. పైన తూర్పు వాకిళ్లవాళ్లకి కూడా ఇంచుమించు ఇవే జరిగాయి, ఎక్కువ అద్దెకి. అంకుల్ నాలుగుసార్లు భోజనానికి వచ్చారు, నాలుగుసార్లూ పెరటివైపు నుంచి, పొదలు దాటుకుని. పొదల్లో నడవొద్దని ఆఫీసువాళ్లు నాకు నోటీసు పంపారు. ఆయన చెప్పులు మాత్రం దక్షిణం వాకిట్లో విడిచేవారు. అక్కడ విడిచి, చుట్టూ తిరిగి, వట్టి కాళ్లతో పొదల్లోంచి వచ్చేవారు. చెప్పులకి ఏ దిక్కూ లేదేమో.

రెండో తాళంచెవి ఆంటీ దగ్గర ఉండేది. మంగళవారాలు ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, ట్రాఫిక్ తగ్గేదాకా వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒక్కోసారి నేను వచ్చేసరికే వెళ్లిపోయి ఉండేది, సింకులో కడిగిన టీ గ్లాసు ఒకటి ఉండేది.

రెండువేల పదిహేనులో నాకు దేశానికి అవతలి కొసన క్యారీలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తున్నానని ముందు ఆంటీకే చెప్పాను. వేరే ఊళ్లో కాలేజీలో ఉన్న ఆవిడ కొడుకు చదువు అప్పటికే అయిపోయింది, ఫీజుల బాధ లేదు. టీ తాగుతూ కిటికీ వంక చూసింది.

"ట్రాఫిక్ వారంల ఐదు దినాలుంటది," అంది. "నేను శనాదివారాలు ట్రేసీల ఉంటే సాలదా?"

అంకుల్ ఏమంటారని అడిగాను.

"ఏమంటడు. రైస్ కుక్కర్ పెరట్లకెల్లి పట్టుకొస్తడు."

మర్నాడు ఆఫీసుకి వెళ్లి, నా తర్వాత ఆ ఇల్లు ఆంటీ తీసుకుంటుందని, ఈసారి హామీ ఎవరూ అక్కర్లేదని చెప్పాను. అద్దాలావిడ క్యాలెండర్ తెరిచి ఏ రోజు వస్తారంది. ఆంటీకి ఫోన్ చేసి అడిగాను.

మంగళవారమేనట. మూడున్నరకి.

అద్దాలావిడ నిట్టూర్చి, ఆ గడిలో తన లంచ్ అని ఉన్నదాన్ని కొట్టేసి ఆంటీ పేరు రాసుకుంది.