పాచి మీద పేరు

మనలను కడిగి శుద్ధి చేసే దేవునికి స్తోత్రం.

మా ఇంటి అక్వేరియంలో పాచి పట్టింది. దాన్ని తినే చేపను కొని, నీళ్ల కవరుతో సిద్దిపేట బస్టాండులో కూర్చున్నాను. పక్కనున్న పెద్దామె కవరు వంక చూసింది.

"ఏసే ముందు అద్దం మీద ఏమన్న ఉందేమో చూస్కో తమ్మీ."

"పాచి గాక ఇంకేముంటదమ్మా?" అని నవ్వాను.

"నా బిడ్డ మా తొట్టి అద్దం పాచి మీద వేలుతోని తన పేరు రాసింది. బిడ్డ సచ్చిపోయినంక గా పేరొక్కటే మిగిలింది. మా ఆయన తెల్వక గిసొంటి చేపనే తెచ్చి ఏసిండు. నాలుగొద్దులల్ల అద్దమంత సాఫు జేసింది."

చేర్యాల బస్సు రాగానే ఆమె లేచి వెళ్లింది. ఆ పేరేమిటని నేను అడగనే లేదు.

మా చేప అద్దానికి నోరానించినప్పుడల్లా ఆ పేరు ఏమై ఉంటుందా అనుకుంటాను. ప్రియులారా, నాతో కలిసి ప్రార్థించండి: మమ్మల్ని కడుగు ప్రభువా, ఆ బిడ్డ పేరు మాత్రం తుడవకు.