కళ్లంలో చదివిన ఆఖరి పేజీలు

కాలేజీలో పదకొండేళ్లుగా ఒకే పాత నవల పాఠం చెబుతున్నాను. దాని ముగింపు గురించి మాట్లాడేటప్పుడు నా గొంతు నాకే ముద్దొస్తుంది. వినేది పిల్లల కంటే నేనే ఎక్కువ.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఆ నవల పట్టుకుని గురజాల దగ్గర మా నాన్న మిరప కళ్లానికి వెళ్లాను. ఎండిన కాయల్లోంచి రంగుపోయిన తాలు కాయలు ఏరడానికి ఆరుగురు ఆడవాళ్లు వచ్చేవారు. పక్క కళ్లంవాళ్లు వాళ్లను లాక్కుపోకుండా ఉండాలని రోజూ ఈ పుస్తకం చదివి వినిపించాను. సాయంత్రం సరిగ్గా ఊపిరి బిగపట్టే చోట ఆపేసేదాన్ని. మరునాడు ఆరుగురూ వచ్చేవారు. మా నాన్న మురిసిపోయాడు, నేను అంతకంటే.

నవలలో ఒక తల్లి. కూతురు చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిపోతే, బతికుండగా దాని ముఖం చూడనని ఒట్టు పెట్టుకుంటుంది. కాయలు ఏరే ఆడవాళ్ల ముఠాకు పెద్దగా ఉన్నామెను నేను పిన్నీ అని పిలుస్తాను. ఆమె కూతురు కూడా ఏడాది కిందట మాచర్ల లారీ డ్రైవరుతో వెళ్లిపోయింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే ఈ పుస్తకం ఎంచుకున్నానా అంటే, కాదని గట్టిగా చెప్పలేను.

మూడో రోజు నుంచి పిన్నిది ఒకటే ప్రశ్న, ఆ తల్లి చివరికి కూతుర్ని రానిస్తుందా అని. చెప్పేస్తే మరునాడు రారు. చెప్పలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం, ఇంకా రెండు పేజీలున్నాయనగా, కాయలు పోసిన పట్టా మీద పెట్టిన పిన్ని ఫోను మోగింది. తెర మీద కూతురి ఫొటో. వెళ్లిపోయాక ఆ పిల్ల ఫోను చేయడం అదే మొదటిసారట. పిన్ని చేతులు ఆగిపోయాయి. ఫోను మోగి మోగి ఊరుకుంది.

"మళ్లీ చేసిద్దిలే," అంది పిన్ని. "ముందు కత కానియ్యి అమ్మాయ్. ఆ తల్లి ఏం చేసిద్దో చూసి మాట్లాడతా."

అక్కడ నేను అబద్ధం చదవొచ్చు. పేజీలోకి తొంగిచూసి తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. తల్లి తలుపు తీసింది, అంటే చాలు. నాకు తోచింది కూడా. కానీ ఆ ముగింపంటే నాకు ప్రాణం. కూతురు వాకిట్లో నిలబడుతుంది, తల్లి లోపల గడియ పెట్టుకుని దీపం వెలిగిస్తుంది, కూతురు వెనక్కి తిరుగుతుంది. కథలో ఒక్క పోగు కూడా విడిగా వేలాడదు. దాన్ని పాడుచేయడానికి మనసొప్పలేదు. నిదానంగా, క్లాసులో కంటే బాగా చదివాను.

ఒకామె మోచేత్తో కళ్లు తుడుచుకుంది. నేను సిగ్గులేకుండా పొంగిపోయాను.

ఫోను మళ్లీ మోగింది.

"నా చేతులు కారం. నువ్వే కట్ చెయ్యి," అంది పిన్ని.

ఎత్తి ఆమె చెవి దగ్గర పెట్టొచ్చు. కట్ చేశాను. ఇంకోసారి మోగితే మళ్లీ కట్ చేశాను. ఆ నంబరు ఇక రాకుండా చేయడం తెలుసా అని అడిగితే, అదీ చేసిపెట్టాను.

పిన్ని కాయల కుప్ప దగ్గరకు లాక్కుంది.

"చానా మంచి పుస్తకం అమ్మాయ్," అంది. "ఏడాది నుంచి మనసు మనసులో లేదు. ఇయ్యాల కుదుటపడింది."